ఆ అర సెకను



మీరు పట్టాలు అందుకోబోతున్న ఈ వేదిక ఎక్కే ముందు మీ మైక్రోప్రాసెసర్ ల్యాబ్‌కి వెళ్లొచ్చాను. మూలబల్ల మీద 8085 కిట్ ఒకటి ఇంకా పనిచేస్తోంది. మీటల మీద అక్షరాలు సగం చెరిగిపోయాయి, రీసెట్ మీట మరీ నున్నబడింది. ఆన్ చేసి 3ఈ, 80, డి3 అని కొట్టాను. ఎప్పుడో చదువుకునే రోజుల్లో నేర్చినవి. వేళ్లు వాటంతటవే వెళ్లాయి.

1974లో వచ్చిన ఇంటెల్ 8080కి మూడు రకాల వోల్టేజీలు కావాల్సి వచ్చేవి. క్లాక్ ఇవ్వడానికి 8224, బస్సును అదుపు చేయడానికి 8228 పక్కన ఉండాల్సిందే. 1976లో ఆ రెండింటి పనినీ తనలోకి తీసుకుని, ఒక్క 5 వోల్టులతో నడిచే 8085 వచ్చింది. పేరు చివర ఉన్న 5 అదే. లోపల ఉన్నవి 6500 ట్రాన్సిస్టర్లు.

దానికి కాళ్లు 40. అవి చాలక, అడ్రసులో కింది ఎనిమిది బిట్లనూ డేటానూ ఒకే ఎనిమిది తీగల మీద నడిపారు. ముందు అడ్రసు, వెంటనే డేటా. తీగల మీద ఇప్పుడున్నది అడ్రసు అని చెప్పడానికి ఏఎల్ఈ అనే సిగ్నల్ ఓ క్షణం లేచి పడుతుంది. ఆ క్షణంలో అడ్రసును పట్టి ఉంచే లాచ్ దాని తోడు చిప్ 8155 లోపలే ఉంది. దాంతోపాటు 256 బైట్ల మెమరీ, ఒక టైమర్, 22 ఐఓ లైన్లు. పక్కన 2 కిలోబైట్ల 8355 రోమ్ పెడితే మూడు చిప్పులతో కంప్యూటర్ నిలబడుతుంది. ప్రాసెసర్‌కి కాళ్లు చాలకపోతే ఆ బరువు ఇరుగుపొరుగు చిప్పులు మోశాయి. ఈ కుటుంబంలో నాకు ఇప్పటికీ అందంగా కనిపించేది అదే.

నేను చేసిన ఒక పొరపాటు మాత్రం ఇదే కుటుంబంలో బయటి పరికరాలకి పోర్టులిచ్చే 8255 చిప్ దగ్గర జరిగింది.

ఉద్యోగంలో చేరిన ఏడాది నీటి వాల్వులు తెరిచే ప్యానెల్ ఒకటి నాకు అప్పగించారు. పోర్టు ఏ నుంచి ఎనిమిది రిలేలు. లైన్ సున్నా అయితే రిలే ఆన్, ఒకటి అయితే ఆఫ్. రీసెట్ కాగానే 8255 పోర్టులన్నీ ఇన్‌పుట్‌గా ఉంటాయని తెలుసు కాబట్టి పుల్‌అప్ రెసిస్టర్లు పెట్టి నిశ్చింతగా ఉన్నాను. ప్రోగ్రాం మొదట్లో పోర్టులను అవుట్‌పుట్‌గా మార్చే 80 అనే కంట్రోల్ వర్డ్ రాశాను. డిస్‌ప్లే కుదురుకోవడానికి అర సెకను ఆగి, అప్పుడు పోర్టుకి ఎఫ్‌ఎఫ్ పంపాను.

స్విచ్ వేయగానే ఎనిమిది రిలేలూ ఒక్కసారే టక్‌మన్నాయి. వాల్వులన్నీ కదిలాయి. ఫిట్టర్ చెయ్యి పైపు దగ్గరే ఉంది. దెబ్బ తగల్లేదు, ఒళ్లంతా తడిసిందంతే. నాకు మాత్రం కాళ్లు వణికాయి.

రెండు రాత్రులు ప్రోగ్రాం వెతికాను. ప్యానెల్ వైరింగ్ చేసే పెద్దాయన డేటాషీట్ తెచ్చి ఒక వాక్యం కింద గోటితో గీశారు. మోడ్ రాసిన ప్రతిసారీ అవుట్‌పుట్ రిజిస్టర్లు సున్నా అవుతాయని ఉందక్కడ. "మీరింకా ఏమీ చెప్పలేదనుకుంటున్నారు బాబూ. అది సున్నా అని వింది" అన్నారు. ఒకటి వస్తేనే రిలే పడేలా డ్రైవర్ తిరగేసి, పుల్‌అప్‌ల చోట పుల్‌డౌన్లు పెట్టాం.

నేను మీతో మాట్లాడాలని వచ్చింది ఆ అర సెకను గురించే. మనం చెప్పదలచుకున్న మాట చెప్పేలోపు యంత్రం ఏం చేస్తోందో, దానికీ మనమే జవాబుదారులం. ఇదే వంశానికి చెందిన 80సీ85 సోజర్నర్ రోవర్‌కి మెదడై 1997లో అంగారకుడి మీద తిరిగింది. అక్కడ చేత్తో రీసెట్ మీట నొక్కేవాళ్లు లేరు. మీలో కొందరు హైదరాబాద్, బెంగళూరుల్లో చిప్ వెరిఫికేషన్ పనిలో చేరబోతున్నారని విన్నాను. వెళ్లగానే స్పెసిఫికేషన్‌లో రీసెట్ గురించి రాసిన పేజీలు ముందు చదవండి. తొందర ఉన్నప్పుడు అందరూ దాటేసేవి అవే.

ఉపకులపతి గారికి ఒక విన్నపం. ఆ మూలబల్ల మీది కిట్‌ని పాతసామానులో వేయకండి. వచ్చే ఏడు చేరే పిల్లలు దానికో రిలే తగిలించి, తాము చెప్పకముందే అది టక్‌మనడం చెవులారా వినాలి.