పాత పికప్పుకు ఇరుసులు

చేగుంట మీదుగా పోవు పెద్ద దారిని మావారు నేటికిని నాగపూరు రోడ్డనియే పిలుతురు. 2010లో జాతీయ రహదారుల అంకెలు మారి 7వది 44వదైనను, వాడుకలోని పేరు మారలేదు. ఆ దారిమీద ఒక సంధ్యవేళ, మక్కల బస్తాలతో పోవుచుండగా మా పాత పికప్పు వెనుక ఇరుసులో పెద్ద చప్పుడైనది. ఇంజను తిరుగుచున్నది గాని బండి కదలదు. చేతి బ్రేకు లాగితిమి. ఆ చిన్న ఎత్తుమీద బండి నిలువక వెనుకకు జారసాగెను. వెనుక లారీలు వచ్చుచుండెను. మాలో ఒకడు దుమికి చక్రము క్రింద రాయి పెట్టినందున ఆపద తప్పినది.

మా బండి జీపు జాతిది. నాలుగు చక్రములకును ఇంజను బలమందును. ఇట్టివి పల్లెలలో ఇంకను పని చేయుచున్నవి గనుక, ఇరుసులు మార్చుటలో మేము నేర్చినది శ్రోతలకు మనవి చేయుచున్నాము.

మొదట ఆ బ్రేకు సంగతి. తొలినాటి జీపులలో చేతి బ్రేకు చక్రములలో నుండదు. గేరుపెట్టె వెనుక ప్రొపెల్లర్ షాఫ్టును పట్టియుంచును. ఇరుసులోని రాడ్డు విరిగినచో ఆ పట్టు చక్రమును చేరదు. విరగని వైపు చక్రమైనను ఆగదు; డిఫరెన్షియల్ దానిని విడిచిపెట్టును. కావున ఇరుసు నెన్నుకొనుట యనగా బరువు మోయు ఇనుమును ఎన్నుకొనుట మాత్రమే కాదు, బ్రేకును ఎన్నుకొనుట కూడను.

వెనుక ఇరుసులు రెండు తరగతులు. ఒకదానిలో రాడ్డే చక్రమును త్రిప్పును, బండి బరువును మోయును. రెండవదానిలో బరువును గొట్టమే మోయును. రాడ్డుకు త్రిప్పుట యొక్కటే పని. అది విరిగినను చక్రము ఊడదు. 1941–45 నాటి యుద్ధపు జీపులకు వెనుక ఈ రెండవ రకమే ఉండెడిది. యుద్ధానంతరము పౌరులకై వచ్చిన జీపులలో మొదటి కొన్నిటిని మినహాయించి, మొదటి రకము చేరినది. మాదియు అదే. రాడ్డు బేరింగుకు లోపలివైపు విరిగినది గనుక చక్రము మిగిలినది. బయటివైపు విరిగియున్నచో అది లారీల నడుమకు దొర్లిపోయెడిది. విరుగుటకు కారణము మా అత్యాశయే. పది బస్తాల బండిమీద పదునెనిమిది వేసితిమి.

మా మేస్త్రీ, “అన్నా, చిన్న లారీ ఇరుసే ఎక్కిద్దాం, ఇగ మళ్ల చూడ పని లేదు” అనెను. మాట ఇంపుగానే తోచినది. కాని ఆ ఇరుసు వెడల్పు వేరు, చక్రపు బోల్టులు వేరు, కమాన్లు కూర్చుండు చోటు వేరు. మా చక్రములకు ఐదు బోల్టులు, ఐదున్నర అంగుళముల వలయమున నుండును. అన్నిటికిని మించి, 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, తయారీదారు చూపిన వివరములకు భిన్నమగునట్లు బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సంగతినే గట్టిగా చెప్పినది.

పిమ్మట సికిందరాబాదు రాణిగంజులో ఒక దుకాణమున మా బండికి అతుకు వెనుక ఇరుసు ఒంటిగా దొరికినది. తొందరపడి కొనియుందుము గాని, పంటి లెక్క చూడవలెనని ఒక పెద్దాయన హెచ్చరించెను. ఒకవైపు హబ్బును కదలనీయక పట్టి, రెండవవైపు దానిని సరిగా రెండు చుట్లు త్రిప్పవలెను. ఆలోగా పినియన్ ఎన్ని చుట్లు తిరిగినదో అదే నిష్పత్తి. మా ముందు ఇరుసులో క్రౌనుకు 43 పండ్లు, పినియనుకు 8; అనగా 5.38. దుకాణములోనిది 39కి 8, అనగా 4.88. ఈ రెంటిని ఒకే బండికి కట్టి నాలుగు చక్రముల బలము వేసినచో, వెనుక చక్రము పది చుట్లు తిరుగునప్పుడు ముందుది తొమ్మిదికి కొంచెము మించి మాత్రమే తిరుగును. ఏదో ఒక జత టైరు ఈడ్వబడవలెను, లేదా గేరుపెట్టె పగులవలెను. సరిజోడైన ఇరుసులతో కూడ తారురోడ్డుమీద ముందు బలము వేయరాదు. అది బురదకును ఇసుకకును ఉద్దేశించినది.

ఆ ఇరుసును వదలితిమి. ఇంజను చెడి మూలబడిన అదే రకపు బండి యొకటి కొన్నాళ్లకు దొరికినది. దాని రెండు ఇరుసులను జతగా తెచ్చితిమి. కొనుటకు ముందు గొట్టము వెంబడి దారము లాగి వంపు చూచితిమి. కమాను పీటల యొద్ద వెల్డింగు పగుళ్లు వెదకితిమి. నూనె దింపి ఇనుపరజను ఉన్నదా యని వేళ్లతో నలిపితిమి. ముందు ఇరుసున కింగ్‌పిన్నులు వదులుగా నుండుటచే అవి మార్పించితిమి. వెనుక రాడ్లు, బేరింగులు, నూనె సీళ్లు పాతవి వాడలేదు. బరువు మోయు రాడ్డు రకమే మరల వచ్చినదని మాకు తెలియును. అందుచేత పది బస్తాల కట్టుబాటు పెట్టుకొంటిమి.

బిగించిన నాడు ఖాళీ బండితో తూప్రానుదాక పోయి, నాలుగు హబ్బులను చేతితో తాకి చూచితిమి. మూడు గోరువెచ్చగా నుండెను. వెనుక కుడిది చేయి నిలువనీయలేదు. బేరింగు మితిమీరి బిగిసినదని తెలిసి, బ్రేకు ప్లేటు వెనుక ఒక పలుచని రేకు చేర్పించితిమి. మరునాడు పది బస్తాలతో మెదకు పోయి, చీకటి పడకముందే తిరిగివచ్చితిమి.