పెద్ద ఫొటోకు ఏ ప్రింటరు?



మా ఆవిడ కాలం చేశాక, ఆమె ఫొటో పెద్దదిగా తీద్దామని ఇంక్‌జెట్ ప్రింటరు కొన్నాను. సర్వీసంతా ప్రతి కాగితం చదివి సంతకానికి పెట్టినవాణ్ణి, ప్రింటరు ధర తప్ప ఏమీ చదవలేదు. అది ఏ-4 దాటలేదు. తీసిన చిన్న ఫొటో కూడా ఎండకు వెలిసిపోయింది.

అనుభవంతో మనవి చేస్తున్నాను. 13 అంగుళాల వెడల్పు కాగితం పట్టే ఏ-3 ప్లస్ ప్రింటరు చూడండి. డై సిరా కంటె పిగ్మెంటు సిరా సాధారణంగా ఎక్కువకాలం నిలుస్తుంది. వాడకపోతే సిరా ఎండి హెడ్డు మూసుకుపోతుంది; వారానికొక రంగుల పేజీ తియ్యాలి.

ఏడాదికి ఒకటి రెండు ఫొటోలే అయితే స్టూడియోయే మేలు. చివరకు నేనూ అదే చేశాను. ఇప్పుడామె ఎండ తగలని గోడమీద నవ్వుతూ ఉంది.

సెలవు.