ఏడవని పిల్ల



మా అమ్మాయిని శిశుగృహం నుంచి తెచ్చుకునేటప్పటికి దానికి నాలుగేళ్ళు. వచ్చిన రోజున పాయసం పెడితే మారుమాట్లాడకుండా తింది. చూడవచ్చినవాళ్ళంతా "ఎంత బుద్ధిమంతురాలమ్మా!" అన్నారు. మర్నాడు పాలబ్బాయి చెయ్యి పట్టుకుని గేటు దాటిపోతుంటే, కలుపుగోలు పిల్ల అని మురిసిపోయాం. మెట్ల మీంచి పడి మోకాలు చీరుకుపోయినా ఏడవకపోవడం మాత్రం నాకు వింతగా తోచింది. ఎత్తుకోబోతే కొయ్యలా బిగుసుకుపోయి మొహం గోడవైపు తిప్పేసుకుంది. పక్క దులుపుతుంటే తలగడ కింద ఎండిపోయిన ఇడ్లీలు దొరికాయి.

ఏడాది గడిచినా ఇదే వరస. నేను కలిపిన ముద్ద విసిరికొట్టేది; పక్కింటి పిన్నిగారు పెడితే తినేది. "పరాయి నెత్తురమ్మా, ఎన్నాళ్ళు పెంచినా అంతే" అనేవారు మా అత్తగారు. ఓ రోజు జడ వేస్తుంటే నా చెయ్యి కొరికింది. ఉక్రోషం పట్టలేక "నిన్ను వచ్చినచోటికే పంపించేస్తాను" అన్నాను. మైకు ముందు చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. అది ఏడవలేదు, బతిమాలలేదు. లోపలికెళ్ళి తన గౌన్లు సంచిలో కుక్కుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది.

మర్నాడే పిల్లల మానసిక వైద్యురాలి దగ్గరికి వెళ్ళాం.

"నెత్తురు సంగతి కాదండీ" అన్నారావిడ. పసిబిడ్డ ఏడ్చినప్పుడల్లా ఒకే మనిషి పరుగెత్తుకొస్తే, ఆ మనిషి మీద గురి కుదురుతుంది. పూటకో ఆయా మారుతూ, ఏడ్చినా ఎవరూ రాకపోతే, ఏడ్చి లాభం లేదని బిడ్డ నేర్చుకుంటుంది. ఎవరినీ దగ్గరికి రానివ్వకపోవడం ఒక రుగ్మత, ఎవరితో పడితే వాళ్ళతో వెళ్ళిపోవడం మరొకటి. అమెరికా మానసిక వైద్యుల సంఘం 2013లో వీటిని విడదీసింది. రుమేనియాలోని బుకారెస్టులో, అనాథ శరణాలయాల్లో ఉన్న 136 మంది పసివాళ్ళ మీద ఒక పెద్ద పరిశోధన చేశారు. అందులో సగం మందిని పెంపుడు కుటుంబాలకిచ్చారు. అక్కడ మొదటి గుణం త్వరగానే తగ్గింది, రెండోది మొండికేసింది. రెండేళ్ళు నిండకముందే కుటుంబంలో పడ్డవాళ్ళు బాగా అల్లుకుపోయారట.

మా పిల్లకప్పటికే ఐదు దాటాయి! నా మొహం చూసి "ఆలస్యమైందంటే అయిపోయిందని కాదు" అన్నారావిడ.

కొన్నాళ్ళపాటు నీళ్ళు పొయ్యడం, అన్నం పెట్టడం, పడుకోబెట్టడం అన్నీ నేనే చేశాను. చుట్టాలు ముద్దుచేయబోతే "ఏం కావాలన్నా అమ్మనడగమనండి" అని చెప్పేదాన్ని. కొందరికి కోపాలొచ్చాయి, రానీండి. బజారుకెళ్తే ఎన్నింటికొస్తానో గడియారం చూపించి చెప్పి, ఆ వేళకి వచ్చేదాన్ని. మంచం పక్కన బిస్కట్ల డబ్బా ఒకటి పెట్టి, ఖాళీ అయినప్పుడల్లా నింపేదాన్ని.

ఒక్కటి మాత్రం జాగ్రత్త. గింజుకుంటున్నా వదలకుండా గట్టిగా పట్టుకుని దారికి తెస్తామనేవాళ్ళుంటారు. 2000లో అమెరికాలోని కొలరాడోలో, ఇలాంటి "చికిత్స" పేరిట దుప్పట్లో చుట్టిపెడితే, పదేళ్ళ పెంపుడు పిల్ల ఊపిరాడక చనిపోయింది. మరుసటేడే ఆ రాష్ట్రం దాన్ని నిషేధించింది. మా అమ్మాయిని నేను అడిగే ముట్టుకునేదాన్ని. వద్దంటే పక్కనే కూర్చునేదాన్ని.

ఇప్పుడు దానికి తొమ్మిదేళ్ళు. కొత్తవాళ్ళొస్తే ఇప్పటికీ ఓ కన్నేసి ఉంచాలి. మొన్న తలుపుసందులో వేలు నలిగి, "అమ్మా!" అని ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. బాణలి దించకుండానే పరుగెత్తాను. గారెలన్నీ మాడిపోయాయి.

డబ్బా ఇంకా మంచం పక్కనే ఉంది. "ఇంకా ఎందుకొదినా, తీసేయరాదూ" అంటుంది మా ఆడపడుచు. నేను తియ్యను.