మెడలో బిళ్ళ కడితే టీబీయేనా? నాన్ హాడ్జ్‌కిన్ లింఫోమా: రకాలు, నిర్ధారణ, చికిత్స

ఈ రోజు మనం నాన్ హాడ్జ్‌కిన్ లింఫోమా గురించి మాట్లాడుకుందాం. పేరు పెద్దదే కానీ విషయం అర్థం కానంత కష్టమైనదేమీ కాదండి.

మన ఒంట్లో ఇన్‌ఫెక్షన్లతో పోరాడే లింఫోసైట్లు అనే తెల్ల రక్తకణాలు ఉంటాయి. మెడ, చంకలు, గజ్జల్లో ఉండే లింఫ్ గ్రంథులు వీటి స్థావరాలు. కాలికి దెబ్బ తగిలినప్పుడు గజ్జల్లో "బిళ్ళ కట్టింది" అంటాం కదా, అదే లింఫ్ గ్రంథి. ఈ కణాలు అదుపు తప్పి పెరిగితే దాన్ని లింఫోమా అంటాం. అందులో హాడ్జ్‌కిన్ రకం కానివన్నీ నాన్ హాడ్జ్‌కిన్ కిందకి వస్తాయి.

మామూలు బిళ్ళ నొప్పి పెడుతుంది, రెండు మూడు వారాల్లో తగ్గిపోతుంది. లింఫోమా బిళ్ళ చాలావరకు నొప్పి లేకుండా పెరుగుతూ పోతుంది. కొందరికి జ్వరం, రాత్రిళ్ళు బట్టలు తడిసేంత చెమటలు ఉంటాయి, ఆరు నెలల్లో పది శాతానికి మించి బరువు తగ్గుతారు.

చిక్కు ఇక్కడే ఉందండి. టీబీలో కూడా ఇవే లక్షణాలు. మన దేశంలో టీబీ ఎక్కువ కాబట్టి, కొన్నిసార్లు సరైన పరీక్ష లేకుండానే టీబీ మందులు మొదలుపెడతారు. నెలలు గడుస్తాయి, బిళ్ళ తగ్గదు. ఆ లోపల జబ్బు ముదిరిపోతుంది.

మరి నిర్ధారణ ఎలా? సూది పరీక్ష ఒక్కటే సరిపోదు. వీలైతే గ్రంథి మొత్తాన్ని తీసి బయాప్సీ చేయాలి, ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ అనే పరీక్షతో రకం తేల్చాలి. "ముక్క తీస్తే క్యాన్సర్ పాకిపోతుంది" అని చాలామంది భయపడతారు. అలా ఏమీ జరగదు. ఇంకో మాట, బయాప్సీకి ముందు స్టెరాయిడ్లు వాడకండి. బిళ్ళ కరిగినట్టు కనిపిస్తుంది, జబ్బు మాత్రం దొరక్కుండా దాక్కుంటుంది.

రకం ఎందుకు తేల్చాలంటే, చికిత్స దాని మీదే ఆధారపడుతుంది. ఎక్కువగా కనిపించే డిఫ్యూజ్ లార్జ్ బి సెల్ లింఫోమా వేగంగా పెరుగుతుంది, కానీ సగానికి పైగా మందిలో పూర్తిగా నయం చేయగలం. ఫాలిక్యులర్ రకం నెమ్మదిగా పెరుగుతుంది, ఇబ్బంది లేకపోతే కొంతకాలం మందులు లేకుండా గమనిస్తూ ఉంటాం. బర్కిట్ రకంలో రోజులు కూడా ముఖ్యమే, వెంటనే ఆసుపత్రిలో చేరాలి. కడుపులో వచ్చే మాల్ట్ లింఫోమాకి హెచ్. పైలోరీ బాక్టీరియా కారణమైతే, చాలామందికి యాంటీబయాటిక్స్‌తోనే తగ్గుతుంది! టి సెల్ రకాలకు మందులు వేరు.

రకం తెలిశాక పెట్ సీటీతో స్టేజ్ చూస్తాం. "నాలుగో స్టేజ్ అన్నారు, ఇక అయిపోయినట్టేనా డాక్టర్ గారూ?" అని అడుగుతుంటారు. కాదండి. లింఫోమాలో నాలుగో స్టేజ్‌లో కూడా నయమయ్యేవాళ్ళు ఉన్నారు.

డిఫ్యూజ్ లార్జ్ బి సెల్ రకానికి ఎక్కువగా ఇచ్చేది ఆర్-చాప్ చికిత్స: రిటుక్సిమాబ్, మూడు కీమో మందులు, ఒక స్టెరాయిడ్. మామూలుగా 21 రోజులకొకసారి, ఆరుసార్లు. ఒకప్పుడు రిటుక్సిమాబ్ ఖరీదు అందనంత ఉండేది. 2007లో హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ దీని బయోసిమిలర్ తెచ్చాక ధర తగ్గింది. చికిత్సకు ముందు హెపటైటిస్ బి పరీక్ష, గుండెకి ఎకో తప్పనిసరి. జబ్బు తిరగబెడితే మూలకణ మార్పిడి, కార్-టి సెల్ చికిత్స లాంటి మార్గాలున్నాయి. మన దేశంలోనే తయారైన కార్-టి చికిత్సకు 2023లో అనుమతి వచ్చింది.

కీమో జరుగుతున్నప్పుడు జ్వరం 100.4 దాటితే ఇంట్లో మాత్ర వేసుకుని కూర్చోవద్దు. అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి రండి.

చివరిగా ఒక్కటి గుర్తుపెట్టుకోండి. నొప్పి లేదు కదా అని బిళ్ళని వదిలేయకండి. నెల దాటినా తగ్గకపోతే, "బయాప్సీ అవసరమా?" అని మీ డాక్టర్‌ని మీరే అడగండి.