ఒకే కీబోర్డు – ఎన్నో కిటికీలు
(బషీర్‌బాగ్‌లో జరిగిన సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. గురించో, మెడికల్ బిల్లుల గురించో మాట్లాడవలసిన వేదిక మీద కీబోర్డు మాట ఎందుకని కొందరికి అనిపించవచ్చు. 2014 నవంబరు 10న జీవన్ ప్రమాణ్ మొదలైన తరువాత మనం బతికి ఉన్నామని చెప్పే పత్రానికి కూడా కంప్యూటరు దారి ఏర్పడింది. బ్యాంకు ఖాతా, పన్ను రిటర్ను, కరెంటు బిల్లు సరేసరి. అందుచేత ఇది కూడా మన పెన్షను విషయమే అని మనవి చేస్తున్నాను.

ఆబిడ్స్, నాంపల్లి, గన్‌ఫౌండ్రీ ఆఫీసులలో మనలో చాలామంది టైపు లోయరు, హయ్యరు ప్యాసై ఉద్యోగంలో చేరినవారే. టైపు మెషినులో ఒక నిశ్చింత ఉండేది. రోలరు మీద ఎక్కించిన కాగితం ఒక్కటే. ఏ కీ కొట్టినా అక్షరం దాని మీదే పడేది. కంప్యూటరులో అలా కాదు. కీబోర్డు ఒకటే, దాని ముందు కాగితాలు మాత్రం అనేకం. వాటిని విండోలు, అంటే కిటికీలు అన్నారు. నాంపల్లి స్టేషనులో వరుసగా కిటికీలు ఉన్నా, మన చెయ్యి ఏ కిటికీలో పెడితే ఆ గుమాస్తాయే ఫారం తీసుకుంటాడు. అలాగే ఒక సమయంలో ఒక్క విండోయే మన టైపును అందుకుంటుంది. ఆ అందుకునే స్థితినే కంప్యూటరు వారు ఫోకస్ అంటారు. కొన్ని కీలను కలిపి నొక్కితే ఆ ఫోకస్ మనకు చెప్పకుండానే పక్క కిటికీకి పోతుంది.

మన మిత్రుడొకరి సంగతి చెబుతాను. ఆయన బ్యాంకు ఖాతా తెరవబోతూ తన పేరు కొట్టి, పాస్‌వర్డు గడిలోకి వెళ్లడానికి ట్యాబ్ కీ నొక్కారు. బొటనవేలు పక్కనున్న ఆల్ట్ కీని కూడా తాకింది. ఆల్ట్, ట్యాబ్ కలిస్తే అంతకు ముందు వాడిన విండో పైకి వస్తుంది. అది బంధువులతో కబుర్లు రాసుకునే విండో. ఆయన చూపు కాగితం మీదే ఉంది. పాస్‌వర్డు కొట్టి ఎంటర్ నొక్కారు. అది ఇరవై మంది బంధువులకు చేరిపోయింది! వెంటనే పాస్‌వర్డు మార్చుకున్నారు కనుక నష్టం జరగలేదు. కానీ ఆ రోజు నుంచి ఆయన, “నాకు మతి తప్పుతోంది, అబ్బాయే చూసుకుంటాడు” అంటూ కంప్యూటరు దగ్గరకు రావడం మానేశారు.

మిత్రులారా, ఇది మతి తప్పడం కాదు. మనకు నేర్పిన విద్య అలాంటిది. చూపు కాపీ మీద ఉండాలి, మెషిను మీద కాదు అని గురువులు చెప్పారు. ఆ మెషినులో స్పేస్ బారు పక్కన ఆల్ట్, విండోస్ కీలు లేవు. ఉన్న కాగితం జారిపోయే ప్రమాదమూ లేదు.

ఇక తరచుగా ఎదురయ్యేవి, వాటికి విరుగుడు చెబుతాను. ఆల్ట్ ఒక్కటే నొక్కి వదిలితే చాలా ప్రోగ్రాములలో ఫోకస్ పై వరుసలోని మెనూకి పోతుంది. అక్షరాలు పడవు, లేదా కొట్టిన అక్షరం ఆజ్ఞగా మారుతుంది. ఎస్కేప్ నొక్కితే తిరిగి వస్తుంది. కిటికీ బొమ్మ ఉన్న విండోస్ కీ నొక్కితే స్టార్ట్ మెనూ తెరుచుకుంటుంది. దానికీ ఎస్కేపే మందు. విండోస్ కీతో డి నొక్కితే అన్నీ మాయమై ఖాళీ తెర మిగులుతుంది. కంగారు వద్దు, మళ్లీ అదే నొక్కితే అన్నీ వస్తాయి. విండోస్ కీతో ఎల్ నొక్కితే తెరకు తాళం పడుతుంది. పని ఎక్కడికీ పోదు, మీ పాస్‌వర్డుతో తెరుచుకుంటుంది. ఆల్ట్‌తో ఎఫ్4, కంట్రోల్‌తో డబ్ల్యు మాత్రం మూసివేసేవి. కంట్రోల్, షిఫ్ట్‌కు సరిగ్గా కిందనే ఉంటుంది కనుక పెద్ద డబ్ల్యు కొట్టబోయి పేజీ మూసుకునేవారు ఉన్నారు. పెద్ద ఫారం నింపేటప్పుడు మధ్య మధ్య సేవ్ చేసుకోండి.

తెలుగు కూడా టైపు చేసేవారికి మరొక మాట. విండోస్ కీతో స్పేస్, లేదా ఎడమ ఆల్ట్‌తో షిఫ్ట్ నొక్కితే భాష మారవచ్చు. పాస్‌వర్డు గడిలో చుక్కలే కనబడతాయి కనుక ఏ భాష పడుతోందో తెలియదు. రెండుసార్లు తప్పంటే మూడోసారి కొట్టకండి. తెర అడుగున కుడివైపు భాష గుర్తు చూడండి.

షిఫ్ట్ అయిదుసార్లు వరుసగా నొక్కితే స్టిక్కీ కీస్ అనే పెట్టె వచ్చి అడ్డం పడుతుంది. అక్కర లేకపోతే వద్దనండి. కానీ చేతికి పక్షవాతం, కీళ్లనొప్పులు ఉన్నవారికి అదే వరం. రెండు కీలు కలిపి నొక్కనక్కర లేకుండా ఒకదాని తరువాత ఒకటి నొక్కవచ్చు. చెయ్యి వణికేవారికి, పొరపాటున తగిలిన కీలను పట్టించుకోని ఫిల్టర్ కీస్ అనే సదుపాయం కూడా ఉంది.

అన్నిటికంటే ముఖ్యమైనది విండోస్ కీతో ఆర్. అది రన్ అనే చిన్న పెట్టె తెరుస్తుంది. అందులో రాసింది రాత కాదు, కంప్యూటరుకు ఇచ్చే ఆజ్ఞ. మోసగాళ్లు దీనిని కనిపెట్టారు. “మీరు మనిషేనని రుజువు చేయండి: విండోస్ కీతో ఆర్, కంట్రోల్‌తో వి, తరువాత ఎంటర్ నొక్కండి” అని తెర మీద చూపిస్తారు. ఆ పేజీ ముందుగానే రహస్యంగా కాపీ చేసి పెట్టిన ఆజ్ఞను మన చేతులతోనే అమలు చేయించడమన్న మాట. ఏ బ్యాంకూ, ఏ పెన్షను ఆఫీసూ ఈ విధంగా అడగదు. ఫోనులో అడిగినా పెట్టేయండి. డబ్బు పోయిందని తెలిస్తే ఆలస్యం చేయక 1930కి ఫోను చేయండి.

నేను పాటించే నియమాలు మూడే. పాస్‌వర్డుకు ముందు మిగతా విండోలు మూసివేయడం. మొదటి అక్షరం కొట్టేముందు మినుకుమినుకుమనే గీత ఎక్కడ ఉందో చూడటం. ఎంటర్ నొక్కేముందు మరొకసారి తెర చూడటం. ఇంట్లో రెండు ఖాళీ నోట్‌ప్యాడ్‌లు తెరిచి, ఆల్ట్ ట్యాబ్‌తో అటూ ఇటూ మారుతూ వారం రోజులు సాధన చేయండి. ఎ ఎస్ డి ఎఫ్ నేర్చిన వేళ్లకు ఇదేమంత కష్టం కాదు.

ఇక్కడున్న అబ్బాయిలకు, అమ్మాయిలకు ఒక విన్నపం. తాతగారు విండో పోయిందని పిలిస్తే కీబోర్డు లాక్కుని మీరే చేసిపెట్టకండి. ఏ కీ తగిలిందో చెప్పి, ఆయన చేతనే వెనక్కు తెప్పించండి. తన ఖాతా తాను చూసుకోవడం మీ తాతగారికి గౌరవం, మీ అమ్మమ్మకు ధైర్యం. రేపు ఫ్యామిలీ పెన్షను కాగితాలు చూసుకోవలసి వస్తే ఆమె ఎవరి మీదా ఆధారపడకూడదు కదా!