మాటకూ అధివాసం కావాలి



శిల్పి ఉలి దించిన వెంటనే స్వామివారి బింబాన్ని పీఠంపై నిలుపరు. జలాధివాసం, ధాన్యాధివాసం, శయ్యాధివాసం జరిగిన పిమ్మటనే ప్రాణప్రతిష్ఠ. శాస్త్రం మనకు బోధించే ఓర్పు ఇదే.

మన మాటకు ఆ ఓర్పు ఏదీ? 2018లో పిల్లలను ఎత్తుకుపోయేవారు తిరుగుతున్నారన్న వదంతి వాట్సాప్‌లో వ్యాపించి, దేశంలో పలుచోట్ల నిరపరాధులు మూకల చేతిలో ప్రాణాలు కోల్పోయారు. ఆ జులైలోనే, ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా ఆ సంస్థ హద్దు పెట్టింది. ఫోనుకు హద్దు వారు పెట్టగలరు. మనస్సుకు మనమే పెట్టుకోవాలి.

కోపంతో వ్రాసిన జవాబును, నిజమెరుగని వార్తను ఒక్క రాత్రి అధివాసంలో ఉంచండి. తెల్లవారి చూస్తే, పంపదగినది కొంచెమే మిగులుతుంది. ఈ కుంభాభిషేక ప్రసాదంగా ఆ నియమాన్ని స్వీకరించ ప్రార్థన.