ర్యాంకు వచ్చిన తరువాత
(వైద్యవిద్యా ప్రవేశాలపై తల్లిదండ్రుల సమావేశంలో ఒక ప్రభుత్వ వైద్యురాలు చేసిన ప్రసంగ పాఠం)





నీట్‌కు ఎలా చదవాలో చెప్పేవారు ఊరూరా ఉన్నారు. ర్యాంకు వచ్చిన తరువాత మన ఇళ్లలో ఏం జరుగుతున్నదో మాట్లాడేవారే తక్కువ. నేను ఆ సంగతి మాట్లాడటానికి వచ్చాను.

ముందు హక్కు గురించి. ముస్లిములకు 2004లోను, 2005లోను ప్రకటించిన 5 శాతం రిజర్వేషన్ హైకోర్టులో నిలబడలేదు. 2007 నాటి చట్టం సామాజిక, విద్యా వెనుకబాటుతనాన్ని ఆధారం చేసుకొని 14 సమూహాలను గుర్తించింది. షేక్, ఖురేషీ, అత్తర్ సాయిబులు, ఫకీర్, ముస్లిం ధోబీ, హజామ్ మొదలైన వారికి బీసీ-ఈ కింద 4 శాతం కేటాయించింది. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దానినీ కొట్టివేసింది. అదే ఏడాది మార్చి 25న సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో అది కొనసాగుతూ వస్తున్నది. మన బిడ్డ కూర్చున్న సీటు కింద ఉన్న నేల అంతే. ఈ సంగతి ఎన్నికల సభల్లో వినపడుతుంది గాని, ఇళ్లలో ఎవరికీ తెలియదు.

ఆ 4 శాతం ఎంతో లెక్క వేసి చూడండి. 150 సీట్లున్న ప్రభుత్వ కళాశాలలో 15 శాతం అఖిల భారత కోటాకు పోతుంది. మిగిలిన సుమారు 127లో 4 శాతం అంటే ఐదు సీట్లు. మంచి ర్యాంకుతో ఓపెన్ కేటగిరీలో సీటు పొందిన మన బిడ్డను ఈ ఐదింటిలో లెక్కించరు. కనుక ‘మాకు కోటా ఉంది, ఆ కటాఫ్ వరకు చదివితే చాలు’ అన్న ఆలోచన మన పిల్లలకే నష్టం.

ఆంధ్రప్రదేశ్‌లో 2023లో ఐదు కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలైనప్పుడు మనమందరం సంతోషించాము. అయితే వాటిలో సగం సీట్లకే మామూలు ఫీజు. 35 శాతం సీట్లకు ఏడాదికి 12 లక్షలు, ఎన్నారై కోటా 15 శాతానికి 20 లక్షలు. భవనం ప్రజలది, ఆసుపత్రి ప్రజలది, సీటు మాత్రం డబ్బున్నవారిది. దీనిపై మన సంఘాలు గట్టిగా మాట్లాడవలసి ఉండగా, ఎందుచేతనో మాట్లాడలేదు.

సయ్యద్, పఠాన్, మొఘల్ కుటుంబాలవారు బీసీ-ఈ తమకు లేదని తెలిసి నిరాశపడి ఊరుకుంటున్నారు. ఏడాదికి 8 లక్షల లోపు ఆదాయం ఉండి, మిగతా షరతులు సరిపోతే వారు ఈడబ్ల్యూఎస్ 10 శాతానికి అర్హులు. దూదేకులవారు బీసీ-బి, మెహతర్లు బీసీ-ఏ. తహసీల్దారు ఇచ్చే పత్రంలోని పేరుకూ పదో తరగతి మెమోలోని పేరుకూ ఒక్క అక్షరం తేడా ఉన్నా దానిని ఇప్పుడే సరిచేయించుకోండి. ఒకచోట ‘షేక్’ అని, మరొకచోట ‘ఎస్.కె.’ అని ఉండటం మన ఇళ్లలో మామూలే.

ఇక అసలు మాటకు వస్తాను. నిరుడు మాకు తెలిసిన ఒక అమ్మాయికి ప్రభుత్వ కళాశాలలో తప్పక సీటు వచ్చే ర్యాంకు వచ్చింది. వెబ్ ఆప్షన్లు పెట్టేనాడు ఆమె అబ్బా పక్కన కూర్చొని, రాత్రికి ఇంటికి చేరుకోగల రెండు కళాశాలలు మాత్రమే పెట్టించాడు. ఆ రెండింటిలో రాలేదు. ఆమెకంటే తక్కువ ర్యాంకువారికి వేరే జిల్లాలలో సీట్లు వచ్చాయి. ఆయన దుర్మార్గుడేమీ కాదు. కూతురి కోచింగ్‌కు దుకాణం తాకట్టు పెట్టిన మనిషి! వివరం తెలియదు, అంతే. కంప్యూటరు ర్యాంకును చూసి, మీరు రాసిన వరుసలో మొదట ఖాళీగా దొరికిన కళాశాలను ఇస్తుంది. రాయని కళాశాలను ఇవ్వదు. దూరపు కళాశాలను చివర రాసినందువల్ల దగ్గరి కళాశాల మీకు రాకుండా పోదు. ఇంత చిన్న విషయం తెలియక ఒక డాక్టరును పోగొట్టుకున్నాము. తెలిసి ఉంటే ఆయన రాయించేవాడా? అదీ నేను చెప్పలేను.

హాస్టలు గురించి మీ భయం అబద్ధం కాదు. భోజనం, నమాజు, రాత్రి డ్యూటీ, హిజాబు అన్నీ నిజమైన ప్రశ్నలే. 2023లో తిరువనంతపురం ప్రభుత్వ వైద్య కళాశాల విద్యార్థినులు ఆపరేషన్ థియేటరులో పొడవు చేతుల జాకెట్టు, తలకు సర్జికల్ హుడ్ అనుమతించమని ప్రిన్సిపాల్‌కు లేఖ రాశారు. మోచేతుల దాకా చేతులు కడగాలన్న నియమం రోగి ప్రాణానికి సంబంధించినది, దానిని తేలికగా తీసుకోరాదు. అయినా ఆ పిల్లలు చదువు మానలేదు, మౌనంగానూ ఉండలేదు. లోపల ఉండి అడిగారు. అది నాకు నచ్చింది.

ఎంబీబీఎస్ రాకపోతే ఇక ఏమీ లేదనుకోవడం మరో పొరపాటు. నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగు, ఫిజియోథెరపీ, కర్నూలులోను హైదరాబాదులోను యునానీ కళాశాలలు ఉన్నాయి. నర్సింగు అనగానే మన పెద్దలు ముఖం తిప్పుకుంటారు. దైవప్రవక్త (స) కాలంలో రుఫైదా (ర.అ) కందక యుద్ధంలో గాయపడిన సఅద్ బిన్ ముఆజ్ (ర.అ)కు మస్జిదె నబవీలో వేసిన గుడారంలోనే సేవలు చేశారు. జుమా ప్రసంగంలో ఆమె పేరు విని కళ్లు తుడుచుకుంటాము. మన బిడ్డ తెల్లకోటు వేసుకుంటే సంబంధాలు రావంటాము. మా ప్రసూతి వార్డుకు వచ్చే మన స్త్రీలు మొదట అడిగేది మాత్రం ‘ఆడ నర్సు ఉన్నారా, ఉర్దూ తెలిసినవారు ఉన్నారా’ అనే.

నేను సాయంత్రం అస్ర్ నమాజు తరువాత ఇక్కడే ఉంటాను. ర్యాంకు కార్డు, కుల లేదా ఈడబ్ల్యూఎస్ పత్రం, పదో తరగతి మెమో తెచ్చుకున్నవారు ముందుకు రండి. ఆప్షన్ల జాబితా కలిసి రాద్దాం. తండ్రులు కూడా రండి, అమ్మాయిలను మాత్రమే పంపకండి.